పదవీకాలం చెట్లు

అక్టోబరు చివరికొచ్చేసరికి విశాఖపట్నంలో చీకటి పడగానే ఒక వాసన మొదలవుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటిరోజు ఏదో పూల చెట్టనుకుని మురిసిపోతారు. వారం తిరిగేసరికి కిటికీలు బిగించుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లు వాళ్లకన్నా ముందే బిగించుకుని ఉంటారు. అది ఏడాకుల పాల పూత. జనం ఫిర్యాదు చేస్తారు, పత్రికలు రాస్తాయి, అక్కడక్కడా కొమ్మలు కొట్టిస్తారు, డిసెంబరుకల్లా అందరం మరిచిపోతాం.

పాపం, ఆ చెట్టు చేసిన నేరమేమీ లేదు. పశ్చిమ బెంగాల్‌కు అది రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లో పట్టా పుచ్చుకునే విద్యార్థి చేతిలో ఒకప్పుడు పెట్టేవి దాని ఆకులే. పేటకి ఒకటో రెండో ఉంటే రాత్రిపూట అటు వెళ్లేవాళ్లు కాసేపు ఆగి మరీ పీల్చేవాళ్లు. వీధి పొడవునా అవే, పక్క వీధిలోనూ అవే, అన్నీ ఒకే ఈడువి, అన్నీ ఒకేసారి పూస్తే ఎవరు తట్టుకోగలరు? జాజులైనా తట్టుకోలేం.

ఇన్ని ఎలా వచ్చాయో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను సరిగ్గా ఈ ఊరి మీదే తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలి. ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో, జూపార్కులో, కంబాలకొండలో మహావృక్షాలు వేళ్లతో సహా లేచిపోయాయి. నిలిచిన చెట్లకు ఆకన్నది మిగల్లేదు. ఆకుపచ్చగా ఉండే కొండలు తెల్లారేసరికి కాలి కమిలినట్టు కనిపించాయి. ఆ తర్వాతి వేసవిలో నడిరోడ్డు మీద నిలబడితే తలదాచుకునే నీడ లేదు. ఎలాగైనా త్వరగా పచ్చగా చెయ్యండని జనం అడిగారు. అడగడంలో తప్పులేదు. ఏది తొందరగా ఎదుగుతుంది, ఏది నిటారుగా పోతుంది, దేన్ని పశువు ముట్టదు, నర్సరీలో ఏది వేలల్లో దొరుకుతుంది? ఇన్నిటికీ ఒకటే జవాబు వచ్చింది, పాలు కారే ఈ చెట్టు.

ఆ రోజుల్లో కమిషనరు కుర్చీలో ఎవరున్నా అదే చేసేవారేమో. కానీ ఆ ప్రశ్నల్లో ఒకటి లేదు: ఇరవయ్యేళ్ల తర్వాత ఈ వీధి ఎలా ఉండాలి? ఆ ప్రశ్న రాకపోవడానికి కారణం కూడా తెలిసిందే. మున్సిపల్ కమిషనరు ఒకచోట రెండు మూడేళ్లు ఉంటే గొప్ప. వేప, చింత ఆ వ్యవధిలో నీడ ఇవ్వవు. పదవీకాలంలో కనబడే చెట్టునే మన నగరాలు నాటుతాయి.

హైదరాబాద్‌లో జరిగిందీ ఇదే. తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక డివైడర్ల మీద, లేఅవుట్లలో, ఆఫీసుల ప్రహరీల వెంట కోనోకార్పస్ బారులు తీరింది. నీళ్లు పోసినా పోయకపోయినా పెరుగుతుంది, కత్తిరిస్తే చెప్పిన మాట వింటుంది. తర్వాత అది ఆరోగ్యానికి చేటని ఆరోపణలు వచ్చాయి, నాటొద్దన్నారు. కాకినాడలో కొట్టెయ్యాలని ఒక పక్షం, వద్దని మరో పక్షం వాదించుకున్నాయి. ఆ ఆరోపణల్లో నిజమెంత అన్నది శాస్త్రవేత్తలు తేలుస్తారు. నా బాధ వేరు. టోకున నాటడానికి ఒక టెండరు, టోకున కొట్టడానికి ఇంకో టెండరు, మధ్యలో పదేళ్ల నీడ గంగలో కలిసింది.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరానికీ ఈ బెడద వచ్చింది. నూరేళ్ల కింద ఎల్మ్, ప్లేన్ చెట్లను వరసగా నాటుకున్నారు. ఏళ్ల తరబడి కరువు పట్టేసరికి ఒకే ఈడు చెట్లన్నీ కలిసి వాడిపోవడం మొదలైంది. 2012లో వాళ్లొక ప్రణాళిక రాసుకున్నారు. 22 శాతం ఉన్న చెట్ల నీడను 2040కి 40 శాతం చెయ్యాలి. అంతకన్నా ముఖ్యమైన షరతు ఇంకోటి: నగరం మొత్తం చెట్లలో ఏ ఒక్క జాతీ 5 శాతం మించకూడదు, ఒక ప్రజాతి 10 శాతం, ఒక కుటుంబం 20 శాతం దాటకూడదు. మన లెక్కలో చెప్పుకుంటే రావి, మర్రి, జువ్వి, మేడి నాలుగూ ఒకే ప్రజాతి, నాలుగూ కలిసి పదిలోపే ఉండాలి. రేపు పురుగొచ్చినా, తుపానొచ్చినా, పూత వాసనే వచ్చినా ఊరంతా ఒకేసారి దెబ్బతినకుండా కాసుకునే ఏర్పాటు ఇది. ఈ ఒక్క షరతు మనం తెచ్చుకుంటే చాలు, మిగతా మెల్‌బోర్న్ మనకక్కర్లేదు.

పచ్చదనం పెరిగిందని చూపించే అంకెలు మనకీ ఉన్నాయి. 2011లో హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 33.15 చదరపు కిలోమీటర్లు, 2021కి 81.81 అని భారత అటవీ సర్వే లెక్క. 2022లో ప్రపంచ హరిత నగరం పురస్కారమూ వచ్చింది. సంతోషమే. అయితే ఆ సర్వే లెక్కకి ఎక్కాలంటే కనీసం ఒక హెక్టారు చెట్ల గుంపు ఉండాలి, దానిలో పది శాతం పైగా నీడ పడాలి. మా వీధి చివర ఇస్త్రీ బండికి గొడుగుపట్టిన కానుగ అందులో లేదు. రేపు దాన్ని నరికినా ఆ 81.81లో వెంట్రుకవాసి తేడా రాదు. మే నెలలో మనిషిని కాపాడేది మాత్రం అలాంటి చెట్టే.

దాన్ని చంపడానికి గొడ్డలి కూడా అక్కర్లేదు. చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయనుకుంటాం గానీ, నీళ్లు తాగే సన్న వేళ్లలో చాలావరకు పైన రెండడుగుల మట్టిలోనే పాకుతుంటాయి. కాండాన్ని ఒరుసుకుంటూ ఫుట్‌పాత్ టైల్సు వేస్తే వాటికి నీళ్లు లేవు, గాలి లేదు. ఢిల్లీలో ప్రతి చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన కాంట్రాక్టర్ల దాకా ఆ వార్త రాలేదు. హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని చేపట్టారు. చెట్టుకి అంతకన్నా మేలైన కబురు లేదు, వానాకాలం ముందు తీగ కోసం ఒకవైపు కొమ్మలన్నీ నరికి చెట్టుని పక్కకి ఒరగబెట్టే అవసరం తప్పుతుంది. కానీ తవ్వకం కాండం పక్కనుంచే పోతే తల బతికి వేళ్లు తెగుతాయి. తర్వాతి ఈదురుగాలికి చెట్టు కారు మీద పడితే, పెద్ద చెట్లు ప్రమాదమని మళ్లీ మనమే అంటాం. కేబుల్‌కి కందకం తీసేచోట ఉద్యాన విభాగం మనిషి ఒకరు నిలబడి, ఇక్కడ గునపం ఆపి పార పట్టుకోండి అని చెప్పాలి. ఖర్చు ఒక మనిషి జీతం.

చట్టం లేక కాదు. మనకి 2002 నుంచీ వాల్టా ఉంది. నీరు, నేల, చెట్టు మూడూ పేరులోనే ఉన్న చట్టంలో బోరుబావికున్న ప్రాధాన్యం చెట్టుకి రాలేదు. మహారాష్ట్ర 2021లో తన చట్టాన్ని మార్చి, యాభై ఏళ్లు దాటిన చెట్టుని వారసత్వ వృక్షం అంది. చెట్టుని కొట్టక తప్పకపోతే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. అరవై మొక్కలు అరవయ్యేళ్ల చెట్టుకి సాటి కావు, నాకీ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. అయినా నరికేముందు దాని వయసెంత అని అడగాల్సి రావడమే ఒక మెట్టు. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘమొకటి 2021లో ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని కట్టింది. ఆ డబ్బు ఎవరి జేబులోంచీ పోదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

మళ్లీ విశాఖ సంగతి. ఏడాకుల పాలలన్నిటినీ ఒకే ఏడాది కొట్టేస్తే హుద్‌హుద్ మర్నాటి ఎండ మళ్లీ చూస్తాం. వీధికి ఐదింట ఒకటి చొప్పున ఏటా మార్చుకుంటూ పోవాలి. వాటి స్థానంలో రావాల్సినవి ఈ తీరంలో ఎప్పటినుంచో ఉన్నవే. పొన్న, గంగరావి, కానుగ ఉప్పుగాలికి అలవాటుపడ్డవి. లోపలి వీధుల్లో పొగడ, నేరేడు, వేప వెయ్యొచ్చు. వీటిని మనిషెత్తు మొక్కలుగా నాటాలంటే మూడు నాలుగేళ్లు నర్సరీలో పెంచాలి, అంటే ఈ ఏడాది బడ్జెట్‌లోనే డబ్బు పెట్టాలి. నాటిన రోజు ఫొటోకి కాకుండా, మూడో ఏట బతికున్న మొక్కని లెక్కపెట్టి కాంట్రాక్టరుకి ఆఖరి వాయిదా చెల్లించాలి. అప్పటికి ఆ బిల్లు మీద సంతకం పెట్టేది వేరే కమిషనరే అవుతారు కనుక ఆ నిబంధన టెండరు కాగితంలోనే ఉండాలి.