సంతకం మాది, లెక్క మీదా?

బడి మీద అజమాయిషీ ఎవరిది? 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ తన పరిధిలోని బడుల పనితీరును పర్యవేక్షించే బాధ్యత స్థానిక సంస్థ మీద పెట్టింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు. ఇంకేం కావాలి అంటారు.

ఒక ఊళ్లో అలాంటి సమావేశంలో నేను కూర్చున్నాను. నాట్ల కాలం. పొద్దున పదకొండింటికి పెట్టారు. వచ్చిన తల్లులు ఇద్దరే. మిగిలినవాళ్ల సంతకాల కోసం రిజిస్టరును ఒక పిల్లవాడిచేత ఇళ్లకు పంపారు. వచ్చినామె ఒకరు అడిగింది: "మరుగుదొడ్డికి తాళం ఎందుకేశారు సారూ?" "అది ఎజెండాలో లేదమ్మా" అన్నారు. ఏడో తరగతి చదివే ఆమె కూతురు నెలసరి రోజుల్లో బడి మానేస్తోంది. ఆ సంగతి ఏ ఎజెండాకు ఎక్కాలి?

తల్లులకు ఆసక్తి లేదనే మాట నేనొప్పుకోను. ఒక రోజు కూలి పోగొట్టుకుని రమ్మనడం పిలుపు కాదు, జరిమానా. బడి ఊడవడానికి, వంట చేయడానికి ఆడవాళ్లు కావాలి. నిధుల లెక్క దగ్గరకొచ్చేసరికి "మీకు తెలియదులే" అంటారు. భాగస్వామ్యం పేరుతో జరుగుతున్న వెట్టి ఇది.

గ్రాంట్ల వినియోగాన్ని చూసే అధికారం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని చట్టం కమిటీకే ఇచ్చింది. కనుక అడుగుదాం. సమావేశం సాయంత్రం పెట్టాలి. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు బిగ్గరగా చదివి వినిపించాలి. ఆ లెక్క గ్రామసభ ముందుకు రావాలి. అప్పటిదాకా ఇంటికొచ్చిన రిజిస్టరులో సంతకం పెట్టొద్దు.