తీరిక ఉంటేనే వంతులు కుదురుతాయి

సెలవులు దగ్గర పడగానే మన ఇళ్లల్లో టూరు మాటలు మొదలవుతాయి. మొదలైన గంటలోనే కాగితం మీద ఊళ్ల పేర్లు బారులు తీరతాయి. "అంత దూరం ఎలాగూ వెళ్తున్నాం, పక్కనే ఇదీ ఉంది, అదీ ఉంది" అంటూ ఐదు రోజుల్లో ఏడు చోట్లు ఇరికిస్తారు. ఇరికించేది ఇంటిల్లిపాదీ. ఆ ఏడు చోట్లకీ సరిపడా బట్టలు, మందులు, పచ్చడి సీసా సర్దేది, ప్రతి హోటలు గదిలో విప్పేది, పొద్దున్నే మళ్లీ సర్దేది మాత్రం మనం. దాన్ని విహారయాత్ర అనడం నాకు నచ్చదు. సంసారాన్ని మూట కట్టి ఊరూరా తిప్పడం అంటే సరిగ్గా సరిపోతుంది.

అందుకే మా ఇంట్లో ఈసారి నేనొక మాట మీద గట్టిగా నిలబడ్డాను. ఒక ట్రిప్పుకి ఒక ఊరు, ఒక అడవి. అంతే. సంక్రాంతి సెలవులకి మేం అనుకుంటున్నది నాగపూరు, అక్కణ్ణించి పెంచ్ జాతీయ పార్కు. మేం నలుగురం, మా అత్తయ్య గారు. ఆవిడకి డెబ్బై దాటాయి, నడుం నొప్పి ఉంది.

నాగపూరే ఎందుకంటే మనకి దగ్గర. సికింద్రాబాదు నుంచి 2024లో వందేభారత్ వేశారు. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి దిగొచ్చు. కారు ఉన్నవాళ్లకి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు హైవే ఉండనే ఉంది. దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. 1956 అక్టోబరు 14న, విజయదశమి నాడు, అంబేద్కర్ బౌద్ధం స్వీకరించింది ఆ ఊళ్లోనే. ఏటా ఆ పండక్కి దీక్షాభూమికి లక్షల మంది వస్తారు. దానికోసమే వెళ్తే వేరు. తీరిగ్గా తిరుగుదామనుకుంటే అప్పుడు గదులు దొరకడమే కష్టం. మామూలు రోజుల్లో ఆ పెద్ద స్తూపం లోపల ఎంతసేపైనా నిశ్శబ్దంగా కూర్చోవచ్చు.

ఊళ్లో మా ప్లానులో ఉన్నవి మూడే. దీక్షాభూమి, ఒక సాయంత్రం సీతాబర్డీ బజారు, పొద్దున్నే ఎర్రటి పులుసు పోసిచ్చే తర్రీ పోహా. కారం విషయంలో మనవాళ్లకి ఎవరూ జాగ్రత్తలు చెప్పక్కర్లేదనుకోండి. తిరిగొచ్చేటప్పుడు కమలాపండు బర్ఫీ ఒక డబ్బా. ఇంతకంటే ఏమీ రాయనివ్వలేదు నేను.

ఊరి నుంచి పెంచ్ తురియా గేటు దాదాపు తొంభై కిలోమీటర్లు. దారిలో సుమారు సగం దూరంలో రామ్‌టెక్ ఉంది. వనవాసంలో రాముడు అక్కడ కొన్నాళ్లు విశ్రమించాడని స్థలపురాణం. మేఘసందేశంలో యక్షుడున్న రామగిరి ఇదేనని కూడా చెబుతారు. రాముడంతటివాడే ఆగి కూర్చున్నచోట మనం ఫొటో తీసుకుని పరిగెత్తడం ఏం బావుంటుంది? ఆ పూటంతా రామ్‌టెక్‌కే ఇచ్చేశాం. అది దాటాక పిల్లలకి చూపించదగ్గ వింత హైవేనే. అడవి మధ్య రోడ్డుని స్తంభాల మీదికి లేపి, జంతువులు కింది నుంచి దాటేలా కట్టారు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచిపోవడం కెమెరాల్లో కూడా పడింది. పాఠ్యపుస్తకంలో పది పేజీలు చదివించినా అంత బాగా ఎక్కదు.

ఇక అడవి. ఊళ్లో గడియారం మన చేతిలో ఉంటుంది, అడవిలో దాని చేతిలో మనం ఉంటాం. పొద్దున సఫారీ అంటే చీకటితోనే లేవాలి. పైకప్పు లేని జిప్సీలో జనవరి చలి ఎముకలు కొరికేస్తుంది, స్వెట్టర్లే కాదు దుప్పట్లు కూడా కావాలి. ఒక్కో సఫారీ దాదాపు నాలుగు గంటలు. ఆగమన్నచోట తప్ప మధ్యలో దిగనివ్వరు. ఈ ముక్క టూరు వీడియోల్లో ఎవరూ చెప్పరు గానీ మనకి ముఖ్యమైనది ఇదే. నీళ్లు ఎప్పుడు తాగాలి, నెలసరి తేదీ ఎప్పుడు, నడుం నొప్పి ఉన్న పెద్దావిడ ఆ గతుకుల్లో కూర్చోగలరా? తేదీలు ఖాయం చేసేముందు ఇవన్నీ నోరు విప్పి మాట్లాడుకోవాల్సినవి. సిగ్గుపడి ఊరుకుంటే అక్కడ అవస్థ పడేది మనమే.

అసలు విషయానికి వస్తాను. అత్తయ్య గారు జిప్సీ ఎక్కలేరు, ఒంటరిగా గదిలో ఉంచలేం. ఎవరో ఒకరు తోడుండాలి. ఇలాంటి "ఎవరో ఒకరు" ఎవరో మీకు చెప్పాలా? సఫారీ ఒక్కటే పెట్టుకుంటే ఆ ఒకరు కోడలే. "నువ్వు ఉండు, పిల్లలు సరదాపడుతున్నారు" అంటారు. మనమూ సరేనంటాం. ఎవరి మీదా కోపం ఉండదు, అయినా ప్రతిసారీ అలాగే జరుగుతుంది.

రెండు సఫారీలు ఉంటే లెక్క మారుతుంది. మొదటిదానికి నేనూ పిల్లలూ వెళ్తాం, మా ఆయన వాళ్లమ్మ దగ్గర ఉంటారు. రెండోదానికి ఆయనా పిల్లలూ, నేను అత్తయ్య గారితో. పర్మిట్ మీద వెళ్లేవాళ్ల పేర్లు, గుర్తింపు కార్డు వివరాలు బుకింగ్ నాడే ఇవ్వాలి. కాబట్టి వంతులు కూడా ఆ రోజే తేలాలి. "అక్కడికి వెళ్లాక చూద్దాంలే" అన్నామంటే అయిపోయినట్టే. మా పర్మిట్ మీద నా పేరు ఉండాలని నేనే చెప్పాను. అడిగాక ఎవరూ కాదనలేదు. అత్తయ్య గారైతే "వాడు నా దగ్గర ఒక పూట కూర్చుని ఎన్నేళ్లయిందో" అన్నారు. తీరిక అంటే ఒళ్లు దాచుకోవడం కాదని నేననేది ఇందుకే. తీరిక ఉంటేనే వంతులు కుదురుతాయి. హడావిడిలో ఎప్పుడూ పాత అలవాటుదే గెలుపు.

"అంత ఖర్చు పెట్టి వెళ్లి గదిలో కూర్చోవడమా?" అని మా ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జిప్సీ, గైడు, గది అన్నీ ఖర్చే. కానీ మూడో ఊరు, నాలుగో ఊరు తీసేస్తే టాక్సీలకీ హోటళ్లకీ పోయేది మిగిలింది. రెండో సఫారీ అందులోంచే వచ్చింది. ఇక పులి సంగతి. దాన్ని చూడ్డానికి పులిహోర కట్టుకుని వెళ్తాం, అది మనల్ని చూడాలని రాసిపెట్టి లేదు కదా! జంగిల్ బుక్ కథ నడిచేది ఆ సివనీ కొండల్లోనే. దుప్పులు, నెమళ్లు, అడవిదున్నలు, టేకుచెట్లు, ఏ ఫోనూ మోగని నాలుగు గంటలు. పులే కనపడాలంటే జూ ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ అడవి మూసేస్తారు. తురియా మధ్యప్రదేశ్ వైపు గేటు, అక్కడ బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. ఆ పూటని విశ్రాంతికి వాడుకునేలా తేదీలు చూసుకోండి.

చివరిగా ఒకటి. తిరిగొచ్చిన మర్నాడే స్కూలు, ఆఫీసు ఉండేలా టికెట్లు తీయొద్దు. ఒక రోజు ముందే ఇంటికి చేరండి. ఆ రోజు పెట్టెలు విప్పే పని, మాసిన బట్టల గుట్ట, వంట కూడా వంతుల్లో ఉండాలి. మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బట్టల దగ్గర మా పెద్దవాడి పేరు, వంట దగ్గర మా ఆయన పేరు ఉన్నాయి. నా పేరు ఎదురుగా "ఖాళీ" అని రాసుకున్నాను. మీ ఇంటి కాగితం మీద మీ పేరు ఎదురుగా ఏముంటుందో టికెట్లు తీసేముందే ఆలోచించండి.