డస్టర్ తెచ్చే నాయకులు

జనవరి వచ్చిందంటే పదో తరగతి టైంటేబుల్లో డ్రిల్లు పీరియడ్ మాయమవుతుంది. లెక్కల మాస్టారో సైన్సు టీచరో దాన్ని పట్టుకుపోతారు. లైబ్రరీ పీరియడ్ అప్పటికే పోయి ఉంటుంది. దీనికి గొడవపడే తల్లిదండ్రులు లేరు, సంతోషించేవాళ్లే ఎక్కువ. "ఆటలూ పాటలూ తర్వాత చూసుకోవచ్చు, ముందు పరీక్ష గట్టెక్కనీ" అనే మాట మన ఇళ్లలో ఎంతగా స్థిరపడిందంటే, దానికి ఎదురు చెప్పేవాడు పిల్లల బాగు కోరనివాడిలా కనిపిస్తాడు. అలా కనిపించినా సరే, ఎదురు చెప్పక తప్పదు.

ఆ వాదనకు ఉన్న బలమేమిటో ముందు చూద్దాం. డబ్బున్న ఇంటి పిల్లవాడికి మార్కులు తగ్గితే మేనేజ్‌మెంట్ సీటు ఉంది, మేనమామ కంపెనీ ఉంది. కూలికి వెళ్లే తల్లి కొడుక్కి మార్కుల మెమో తప్ప వేరే ఆస్తి లేదు. కాబట్టి డిబేట్లూ క్లబ్బులూ స్కౌట్లూ కలవారి బళ్లకు వదిలేసి, పేద పిల్లలకు ఇంకో రెండు స్టడీ అవర్లు పెట్టడమే న్యాయం అంటారు. అనేవాళ్లలో చాలామంది నిజంగానే పేద పిల్లల మంచి కోరేవాళ్లు. అందుకే ఈ మాట ఇంతకాలం చెల్లుబాటవుతోంది.

మార్కులు సీటు దాకా తీసుకెళ్తాయి. సీటొచ్చాక స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి అడగాలి. పదిమందితో కలిసి చేసే ప్రాజెక్టులో పని పంచుకోవాలి, పంచాలి. ఇంటర్వ్యూలో తడబడకుండా "అది నాకు తెలియదండీ" అని చెప్పగలగాలి. కలవారి పిల్లవాడు వీటిని ఇంట్లోనే నేర్చుకుంటాడు. బ్యాంకు మేనేజరుతో నాన్న ఎలా మాట్లాడతాడో, అపార్టుమెంటు కమిటీ మీటింగులో అమ్మ ఎలా నెగ్గుకొస్తుందో చూస్తూ పెరుగుతాడు. తహసీల్దారు ఆఫీసు గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడే తండ్రి కూతురికి ఆ విద్య ఎక్కడ దొరుకుతుంది? బడిలో దొరకాలి. అక్కడా తీసేసి, పేదల మేలు కోసమే తీశామంటున్నాం.

మార్కులొస్తే చాలనేవాళ్లు 2022 జూన్‌లో బాసర వైపు ఒకసారి చూడాల్సింది. ట్రిపుల్ ఐటీ అని మనం పిలుచుకునే ఆర్జీయూకేటీలో సీటు వచ్చేది పదో తరగతి మార్కుల మీదే. చేరేవాళ్లలో ఎక్కువమంది పల్లెల పిల్లలు, బళ్లో మొదటి వరసలో కూర్చున్నవాళ్లు. రెగ్యులర్ వైస్‌చాన్సలర్ కావాలనే దగ్గర్నుంచి భోజనం, వసతుల దాకా పన్నెండు డిమాండ్లతో వాళ్లు వారం రోజులు ఎండకూ వానకూ బైఠాయించారు. ఆ వారం వాళ్లకు అక్కరకొచ్చినవేమిటి? డిమాండ్లు కాగితం మీద పెట్టడం, వేల మంది తరఫున మాట్లాడేందుకు కొందర్ని ఎంచుకోవడం, మంత్రి ముందు నోరు విప్పడం, ఎక్కడ పట్టుబట్టాలో ఎక్కడ విరమించాలో తేల్చుకోవడం. ఇందులో ఒక్కటైనా ఏ సిలబస్‌లో ఉంది?

హాస్టల్లో అన్నం బాగాలేదని అమ్మాయిలు కలెక్టరేట్ దారి పట్టారన్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉంటుంది. వెంటనే ఎవరో వెనక ఉండి రెచ్చగొట్టారంటారు. మెస్ కమిటీలో ఆ పిల్లలకు నోరుండి, వాళ్ల ఫిర్యాదుకు వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాల్సిన బాధ్యత వార్డెన్‌కి ఉంటే, అంతదూరం ఎవరు నడుస్తారు?

"మా బళ్లో లీడర్లున్నారు కదా" అంటారు హెడ్మాస్టర్లు. ఉన్నారు. క్లాస్ లీడర్ పనేమిటో చదువుకున్న ప్రతివాడికీ గుర్తే. డస్టర్ తేవాలి, కాపీలు పోగుచేయాలి, సారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. మన పిల్లలకు నాయకత్వంలో దొరికే తొలి శిక్షణ తోటివాళ్ల మీద చాడీలు చెప్పడం! ఏడాదికోసారి స్వపరిపాలన దినోత్సవం చేస్తాం. ఆ రోజు ఒకమ్మాయి అమ్మ చీర కట్టుకుని టీచరవుతుంది, ఒకబ్బాయి కళ్లద్దాలు పెట్టుకుని డీఈవో అయ్యి తనిఖీకొస్తాడు. ముచ్చటగానే ఉంటుంది, ఎవరూ కాదనరు. పిల్లలు ఆ రోజు ప్రాక్టీసు చేసేది మాత్రం గద్దించడమే. ఇక ప్రైవేటు బళ్లలో జరిగే బ్యాడ్జీల పండగ, భుజాన పట్టీలు, మార్చ్‌పాస్టు, ముఖ్య అతిథి... బ్రోషర్‌లోకి ఫొటోలు రాగానే ఆ పదవుల గడువు తీరిపోతుంది.

చట్టం లేక ఇలా ఉందనుకుంటే పొరపాటు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల సర్వతోముఖ వికాసం అని స్పష్టంగానే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటే చిత్రకళ వంటివాటికి ఒకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకు ఒకరు, పని విద్యకు ఒకరు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠానికీ పాఠ్యేతర కార్యక్రమానికీ మధ్య గోడ వద్దంది. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం. సహపాఠ్య కార్యక్రమాలకు గ్రేడ్లు కూడా వేస్తాం. డ్రాయింగ్ మాస్టారే లేని బళ్లో డ్రాయింగ్‌కి ఏ గ్రేడ్ ఎలా వచ్చిందని మాత్రం అడగకూడదు.

మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ 1957 నుంచి బడిపిల్లల కళోత్సవం నడుపుతోంది. బడి స్థాయి నుంచి రాష్ట్రస్థాయి దాకా పోటీలుంటాయి. గెలిచినవాళ్లకు గ్రేసు మార్కులు ఇస్తూ వచ్చారు. అక్కడా లోపాలున్నాయి. దుస్తులకూ శిక్షణకూ తల్లిదండ్రులు ధారపోసే డబ్బు, తీర్పుల మీద కోర్టుల దాకా వెళ్లే అప్పీళ్లు మలయాళీలకే తలనొప్పి. అయినా అక్కడ పాడే పిల్లని చదువు పాడుచేసుకుంటోందని ఎవరూ అనరు.

లీడర్లను పిల్లలే ఎన్నుకోవాలంటే ఇంకో భయం చెబుతారు: బళ్లో ఎన్నికలు పెడితే కులం వస్తుంది, రాజకీయం వస్తుంది. ఊళ్లో ఉన్న కులం బడి గేటు దగ్గర ఆగిపోతుందనుకుంటే ఇంక చెప్పేదేముంది! 1989లో ఓటు వయసును పద్దెనిమిదికి తగ్గించాం. ఇంటర్ దాటీ దాటకముందే చేతికి ఓటొస్తుంది. అంతవరకూ ఒక్కసారైనా ఓడిపోయి, గెలిచినవాడితో కలిసి పనిచేసిన అనుభవం లేని పిల్లవాడికి ఓటును నోటుతో కొలవడం తప్ప ఇంకేం తెలుస్తుంది?

మొదలుపెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు. సమగ్ర శిక్ష కింద ఆటల సామానుకు ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల దాకా కేటాయింపు ఉంది. ఆ సొమ్ముతో ఏం కొనాలో పిల్లలు ఎన్నుకున్న కమిటీని తేల్చనివ్వండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది నోటీసు బోర్డు మీద వాళ్లతోనే రాయించండి. ఈ పని చూసే టీచరుకు వారానికి మూడు పీరియడ్లయినా తగ్గించండి. యాప్‌లో ఫొటోలు ఎక్కించే చాకిరీ మీద ఇది కూడా రుద్దితే, ఇదీ ఇంకో ఫొటోగా మిగులుతుంది.

డబ్బంతా క్రికెట్ బ్యాట్లకే తగలేస్తేనో అంటారు. తగలేయబోతారు కూడా. అమ్మాయిలు ఊరుకోరు, మాకు త్రోబాల్ నెట్ ఏదని నిలదీస్తారు. మీటింగు గంటసేపు సాగుతుంది, అరుపులూ అలకలూ ఉంటాయి. హెడ్మాస్టరు ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. తీర్పు చెప్పడానికి మాత్రం లేవకూడదు.