ఆయిలర్‌కి తెలిసింది, మన ఫర్ లూప్‌కి తెలియలేదు

సీలో ఇంట్ గరిష్ఠ విలువ ఎంత అని వైవాలో అడిగితే మనలో చాలామంది టక్కున 2147483647 అంటారు. అంటే 2³¹ − 1. అది ప్రధాన సంఖ్య కూడా అని ఎంతమంది చెప్తారు?

ప్రధాన సంఖ్య కదా అని ఎవరూ దాన్ని ఏరుకోలేదు. 32 బిట్లలో ఒకటి గుర్తుకి పోగా 31 మిగిలాయి, అదృష్టం కలిసొచ్చింది. 16 బిట్ల గరిష్ఠం 32767 అయితే 7 × 31 × 151. 64 బిట్లదీ అంతే, 7తో నిశ్శేషంగా పోతుంది.

దీన్ని ప్రధాన సంఖ్యగా 1772లో తేల్చినవాడు ఆయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. వర్గమూలం 46,340 దాటుతుంది, దాని లోపల 4,792 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితో భాగించుకుంటూ కూర్చోవాలా? అక్కర్లేదు. ఈ సంఖ్యకి ఒక ప్రధాన భాజకం ఉందనుకుందాం. దానితో భాగిస్తే 2³¹కి శేషం 1. 31 కూడా ప్రధానమే కాబట్టి, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ భాజకంలోంచి ఒకటి తీసేస్తే 31తో నిశ్శేషంగా పోవాలి. పైగా దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవాటినే చూస్తే చాలు. అలాంటి ప్రధాన సంఖ్యలు వంద లోపే!

ఇప్పుడు మన ల్యాబ్‌కి రండి. ఐ ఇంటు ఐ, ఎన్ కంటే ఎక్కువ కానంతవరకు లూప్ తిప్పమని రాస్తాం. ఎన్ దగ్గర ఈ సంఖ్యే ఇవ్వండి. ఐ 46341 కాగానే వర్గం ఇంట్‌లో పట్టదు. అప్పుడేమవుతుందో సీ భాష హామీ ఇవ్వదు గానీ, మామూలుగా −2147479015 అవుతుంది. అదీ ఎన్ కంటే తక్కువే కదా! అసలు ఏ ఇంటూ ఈ ఎన్‌ని దాటలేదు. లూప్ అలా తిరిగి తిరిగి, ఐ తానే ఎన్ అయ్యాక శేషం సున్నా చూసి, "ప్రధాన సంఖ్య కాదు" అంటుంది. ఆయిలర్ నిరూపించిన సంఖ్యని!

"కంపైలర్ ఉండగా లెక్కలెందుకురా" అనే డైలాగ్ హాస్టల్లో రోజూ వినిపిస్తుంది. నా వరకు దానికి జవాబు ఈ లూపే. వర్గం చేసే బదులు ఐని, ఎన్ బై ఐతో పోల్చితే సరిపోతుంది. ఆ ఒక్క మార్పు తట్టాలంటే సంఖ్య ఎక్కడిదాకా పెరుగుతుందో ముందు కాగితం మీద చూసుండాలి.

మన ల్యాబ్ పరీక్షల్లో 7, 12, 29 ఇచ్చి, అవుట్‌పుట్ రాగానే రికార్డులో సంతకం పెట్టేస్తారు. వచ్చే సెమిస్టర్ నుంచి ఆ మూడింటి పక్కన 2147483647 కూడా ఇవ్వమని మనమే అడుగుదాం. కొందరికి మార్కులు పోతాయి, పోనీండి.