సర్కారు బొమ్మ పెట్టుకున్న ప్రతి వెబ్‌సైటూ సర్కారుది కాదు

ఈ వారం ఆకు గురించీ గూళ్ళ రేటు గురించీ రాయటం లేదు. ఊజి ఈగ గురించి రాస్తున్నా, కానీ అది షెడ్డులోకి వచ్చేది కాదు, ఫోన్లోకి వచ్చేది. షెడ్డుకి అందరం వల కడతాం. ఫోన్‌కి ఎవరమూ ఏమీ కట్టలేదు.

ముందు నా సంగతే చెప్తా. పోయిన ఎండాకాలం బోరు మోటారుకి సోలార్ పంపు పెట్టుకుందామని అనుకున్నా. అప్పుడు పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద ఆకు తింటున్నాయి. ఆఫీసుకు పోవాలంటే ఒక పూట పోతుంది. సరే అని రాత్రి ఆఖరి ఆకు వేసి, షెడ్డు గడప మీద కూర్చుని ఫోన్లో వెతికినా. మొదట వచ్చిన లింకు తొక్కినా. మూడు సింహాల బొమ్మ, మూడు రంగుల గీత, ప్రధానమంత్రి ఫోటో, అన్నీ ఉన్నాయి. పేరు, ఆధార్, పట్టా నంబరు, బ్యాంకు పాసుబుక్కు ఫోటో అడిగింది, ఇచ్చినా. చివర్లో రిజిస్ట్రేషన్ ఫీజు 2,500 అంది. కట్టినా. మూడో రోజు ఒకాయన ఫోన్ చేసి మీ పంపు మంజూరైంది సార్, ఇన్సూరెన్స్ 8,000 కడితే లారీ ఎక్కిస్తాం అన్నాడు. అప్పుడు గానీ నాకు బుర్ర తిరగలేదు. ధర్మపురికి పోయి వ్యవసాయ ఇంజినీరింగ్ శాఖలో అడిగితే నా పేరుతో అసలు అర్జీయే లేదు.

చదువుకోనివాడు మోసపోయాడంటే అది వేరే మాట. నేను ఈ గ్రూపులో పదిమందికి ఫారాలు నింపిపెట్టినవాణ్ణి. అందుకే నెల రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు.

తర్వాత తెలిసింది, ఇది కొత్త మోసం కాదని. పీఎం కుసుమ్ పథకం 2019లో వచ్చింది. అదే ఏడాది మార్చిలో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ నకిలీ వెబ్‌సైట్లు రైతుల దగ్గర రిజిస్ట్రేషన్ పేరుతో డబ్బు వసూలు చేస్తున్నాయని హెచ్చరిక ఇచ్చింది. 2020లో మళ్ళీ ఒకటికి రెండుసార్లు ఇచ్చింది, కొన్ని సైట్ల పేర్లు కూడా బయటపెట్టింది. అంటే ఢిల్లీకి తెలుసు, పేపర్లకు తెలుసు. ఇండూరు షెడ్డులో ఆకు వేసేవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ మోసం ఎందుకు పారుతుందో చూడండి. కుసుమ్ పంపులో రైతు వాటా నిజంగానే ఉంది. కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం ఇస్తే మిగిలింది మనం పెట్టుకోవాలి. కట్టాల్సింది ఎలాగూ ఉందని మనకు తెలుసు కాబట్టి కట్టమంటే అనుమానం రాదు. పూర్తిగా ఉచితమైన పథకమైతే ఇంత సులభంగా పడమేమో. మన షెడ్డు సబ్సిడీ, చంద్రికల సబ్సిడీ రెండిటిలోనూ మన చేతి డబ్బు కొంత ఉంటుంది. అందుకే మన పట్టు రైతులకి ఇది ఎక్కువ ప్రమాదం అంటున్నా.

గుర్తుపట్టడం ఎలా అంటే, వెబ్‌సైటు పేరును కుడి నుంచి చదవాలి. మధ్యలో గీత వస్తే ఆ గీతకు ముందు ఏముందో చూడాలి. అక్కడ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉండాలి. తమిళనాడు సర్కారుదైతే చాలావరకు డాట్ టీఎన్ డాట్ జీఓవీ డాట్ ఇన్. ఆ పేరు సర్కారు ఆఫీసులకు తప్ప బయటివాళ్ళకు ఇవ్వరు. డాట్ ఇన్, డాట్ కో డాట్ ఇన్, డాట్ ఓఆర్జీ డాట్ ఇన్, డాట్ కామ్, ఇవన్నీ సంతలో సరుకే, కొన్ని వందల రూపాయలిస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. కేంద్రం బయటపెట్టిన నకిలీ కుసుమ్ సైట్లలో ఒకటి డాట్ ఇన్ డాట్ నెట్ అని ముగుస్తుంది, ఇంకోటి డాట్ కో డాట్ ఇన్ అని. ముందు భాగంలో పీఎం, కిసాన్, యోజన అని ఎన్ని మంచి మాటలున్నా లెక్కలోకి రావు. పక్కన తాళం గుర్తు ఉంది కదా అంటారు కొందరు. తాళం దొంగ కూడా వేసుకుంటాడు. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన వచ్చేది చాలాసార్లు డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన, పక్కన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక మన మధ్య నలిగే వాదన. మొన్న గూళ్ళ మార్కెట్లో మా మామ ఒకాయన అన్నాడు, "ఏమప్పా, ఐదొందలు పోతే పోనీ, ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది కదా. వాడూ పని చేసే తీసుకుంటాడు." మామ మాటలో కొంత నిజం ఉంది. మనకోసం ఫారం నింపి డబ్బు తీసుకునే ప్రతివాడూ దొంగ కాడు. ఇ-సేవై కేంద్రంలో సర్టిఫికెట్‌కి 60 రూపాయలు తీసుకుంటారు, రసీదు ఇస్తారు, అది సర్కారు పెట్టిన ధరే. బజార్లో కంప్యూటర్ పెట్టుకున్న పిల్లాడు యాభై తీసుకుని చిట్టా దింపి ఇస్తే అది వాడి కూలి. చిట్టా అయితే ఇ-సర్వీసెస్ సైటులో ఊరు, సర్వే నంబరు కొట్టి ఊరికే చూసుకోవచ్చు, అది వేరే సంగతి. ఆ పిల్లాడు నేను సర్కారుని అని చెప్పడు. సర్కారు ముఖం తగిలించుకుని కూర్చున్నవాడితోనే నా గొడవ.

ఐదొందలతో పోతుందనుకోవటం కూడా తప్పు. వాళ్ళకు మన ఆధార్ పోయింది, పట్టా నంబరు పోయింది, పాసుబుక్కు ఫోటో పోయింది. రెండో ఫోన్ వచ్చేది ఆ కాగితాలు చూసే. అన్నిటికన్నా పెద్ద నష్టం మనం అర్జీ పెట్టేశామనుకుని ఊరుకోవడం. ఆఫీసులో లిస్టు ముగుస్తుంది, మార్చి దాటుతుంది, మన పేరు అందులో ఉండదు. నాకు ఆ ఏడాది పంపు పోయింది. 2,500 కన్నా అదే ఎక్కువ నొప్పి.

మనలో రీలింగ్ పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట. బ్యాంకులో ఉద్యం సర్టిఫికెట్ అడుగుతారు. 2020 జూలై 1 నుంచి ఉన్న ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఉద్యం రిజిస్ట్రేషన్ డాట్ జీఓవీ డాట్ ఇన్ ఒక్కటే సైటు, సర్టిఫికెట్‌కి రెన్యువల్ లేదు. అయినా రెన్యువల్ ఫీజు కట్టండి అని మెసేజ్ వచ్చినవాళ్ళు మన గ్రూపులోనే ఇద్దరున్నారు. ఇంకోటి, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తొక్కొద్దు. అది వెబ్‌సైటు కూడా కాదు, నేరుగా ఫోన్లో దూరే పురుగు.

డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి, నేను కూర్చుని చెడ్డా. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అవతలి ఖాతాలోంచి డబ్బు తీసేయకముందే చెప్తే ఆపగలరు, గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. నేను నెల తర్వాత చేసినా, ఇంకేం దొరుకుతుంది.

అయితే అంతా రైతు జాగ్రత్త మీదే వదిలేస్తే న్యాయం కాదు. బ్రిటన్‌లో పాస్‌పోర్టు, లైసెన్సు పేరుతో ఇలాంటి నకిలీ సైట్లు నడిపినవాళ్ళని పట్టి 2018లో జైలుకి పంపారు. అంత పెద్ద పని మన చేతిలో లేదు. మన పట్టు శాఖ చేయగలిగింది మాత్రం చిన్నది. ఏ పథకం మొదలైనా దాని అసలు లింకు, రైతు ఎంత కట్టాలి, ఎవరి పేరు మీద కట్టాలి అనేది నాలుగు లైన్లు రాసి ఇలాంటి గ్రూపులకు పంపాలి. గూళ్ళ మార్కెట్లో తూకం దగ్గర ఒక బోర్డు పెట్టాలి, తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి. గూళ్ళు పోసి వేలం కోసం గంటలు గంటలు అక్కడే నిలబడతాం, చదవడానికి టైము లేదని ఎవరూ అనరు.

ఈ రెండూ రాసి అర్జీ తయారు చేసినా. వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజున ఇస్తా. సంతకం పెట్టేవాళ్ళు ఆదివారం సాయంత్రంలోగా గ్రూపులో పేరు, ఊరు పెట్టండి. ఆధార్ నంబరు మాత్రం పెట్టకండి.