దీపం చెప్పేది సగం మాటే

చిత్తూరు నుండి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, గంగవరం వైపు వచ్చే పాత కార్లు కొన్ని దారిలోనే ముక్కుతూ, నల్లటి పొగ వదులుతూ ఆగిపోతాయి. వెంటనే ఎవరో ఒకరు "సెన్సారు పోయింది, మార్చేయండి" అంటారు. మార్చినా జబ్బు తగ్గదు. టమోటాకు ధర లేని ఏట ఆ ఖర్చు ఇంటి మీదే గదా పడేది! అందుకే ఈ నెల ఒక్క మాట చెబుతున్నాం: పరీక్షించకుండా ఏ భాగమూ మార్చవద్దు.

ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోండి. 1983లో వచ్చిన మారుతి 800 తొలి బండ్లలో కార్బురేటరు ఉండేది. 2000 ప్రాంతం నుండి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం వచ్చింది. 2014లో తయారీ ఆగినా ఆ బండ్లు ఇంకా కనబడుతున్నాయి. వీటిలో సెన్సార్లు ఇంజను వేడిని, గాలి ఒత్తిడిని కంప్యూటరుకు తెలుపుతాయి. దాన్నిబట్టి అది పెట్రోలు కొలత నిర్ణయిస్తుంది.

తాళం తిప్పగానే ఇంజను బొమ్మ గల దీపం వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక ఆరాలి. ఆరకపోతే ఏదో లోపం నమోదైందని అర్థం. అసలు వెలగకపోతే సంతోషించవద్దు. బల్బు పోయి ఉండవచ్చు. పాత బండి కొనేటప్పుడు ఇది తప్పక చూడండి.

మెకానిక్కు మిషను పెట్టి చదివే నంబరు లోపం ఏ దారిలో ఉందో చెబుతుంది గాని, చెడిన భాగం ఇదేనని చెప్పదు. ఎలుక తీగ కొరికినా, కనెక్షనుకు తుప్పు పట్టినా అదే నంబరు రావచ్చు. కాబట్టి ముందు తీగలు, కనెక్షన్లు, గాలి గొట్టాల చీలికలు చూడాలి. వీటికి ఖర్చు తక్కువ.

తరువాత కొలవాలి. చాలా కార్లలో నీటి వేడిని చూసే సెన్సారు 20 డిగ్రీల వద్ద 2 వేల ఓములకు పైగా, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు చూపుతుంది. వేడెక్కినా ఆ అంకె తగ్గకపోతే కంప్యూటరు ఇంజను చల్లగా ఉందనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. నల్ల పొగకు అదొక కారణం. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటరు మూత తీయవద్దు, సెన్సారు విప్పవద్దు.

బండి ఆపినప్పుడల్లా ఇంజను ఆగిపోతుంటే ఐడిల్ వాల్వులో మసి పేరుకున్నదేమో చూడాలి. శుభ్రం చేస్తేనే చాలాసార్లు బాగవుతుంది.

ఇంజను లోపలి వాల్వుల సంగతి వేరు. ఒక సిలిండరులో కంప్రెషన్ తక్కువైతే, అందులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. అప్పుడే ఇంజను విప్పించండి.

ఈసారి షెడ్డుకు వెళ్ళినప్పుడు "అన్నా, కొలిచి చూపించి మార్చు" అని అడగండి. మంచి మెకానిక్కు ఆ మాటకు నొచ్చుకోడు.