నర్సింగ్ సేవలపై రోగుల మాట వినాలని వినతిపత్రం

గౌరవనీయులైన విజయనగరం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,
భోగాపురం మండల రోగులు, వారి కుటుంబీకులు సమర్పించు వినతి.

విషయం: ప్రాథమిక వైద్యసేవల్లో నర్సింగ్ సంరక్షణ గురించి.

ఆర్యా,

ప్రాథమిక వైద్యానికి వెళ్లినవారు డాక్టరు గారి ముందు కూర్చునేది కాసేపే. బీపీ చూసేది, సూది వేసేది, కట్టు మార్చేది, ఏ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో చెప్పేది సిస్టరమ్మే. వైద్యం ఎలా జరిగిందని అడిగితే మా ఊళ్లలో ముందు చెప్పేది ఆమె గురించే. ముక్కాం, చేపలకంచేరు వంటి తీర గ్రామాల వారు ఆ పూట పని మానుకుని వస్తారు. విమానాశ్రయ నిర్మాణానికి వచ్చిన పరాయి ప్రాంతాల కార్మికులకూ ఈ సేవలే దిక్కు.

అర్ధరాత్రి ఓపికగా కాన్పు చేసిన సిస్టర్లను తలచుకునేవారు మాలో ఎందరో ఉన్నారు. అందరి ముందూ జబ్బు అడిగారని, నొప్పుల వేళ కసిరారని, మందు దేనికో చెప్పలేదని బాధపడినవారూ ఉన్నారు. ఇది ఏ ఒక్కరిపైనా ఫిర్యాదు కాదు. ఓపీ, కాన్పులు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదు ఒక్కరి మీదే పడితే మాట్లాడే తీరిక ఉండదు. అయినా రోగికి దక్కవలసిన గౌరవం దక్కవలసిందే. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. జబ్బు వివరం తెలుసుకోవడం, గోప్యత, మర్యాద అందులో హక్కులుగా ఉన్నాయి.

కనుక మా కోర్కెలు:

1. కాన్పులు తక్కువ జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా కనీసం ముగ్గురు స్టాఫ్ నర్సులుండాలని 2012 నాటి జాతీయ ప్రమాణాలే చెప్పాయి. మండలంలో మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారి వివరాలు నోటీసు బోర్డులో పెట్టి, ఖాళీలుంటే భర్తీ చేయాలి.

2. పరీక్షకు, ఇంజెక్షనుకు తెర కట్టిన చోటు ఉండాలి.

3. చదువు రానివారికి పొద్దు, మధ్యాహ్నం, రాత్రి గుర్తులు వేసిన కవర్లలో మందులిచ్చి, వివరం నోటితో కూడా చెప్పాలి.

4. కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడుగా అనుమతించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. దానిని ఇక్కడ అమలు చేయాలి.

5. మూడు నెలలకోసారి రోగుల అభిప్రాయం తీసుకోవాలి. మేము ఎక్కువగా కోరేది ఇదే. పెట్టెలో చీటీ వేయమంటే రాయడం రానివారి మాట రాదు. ఆ ఆసుపత్రి సిబ్బందే అడిగితే నిజం రాదు, ఎందుకంటే రేపు మళ్లీ సూది వేయించుకోవలసింది వారి చేతనే. బయటివారు ఇళ్ల దగ్గర, పేర్లు రాసుకోకుండా అడగాలి. వచ్చిన మాటలను ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో చదివి, సిస్టర్ల సమాధానమూ విని, తీసుకున్న చర్యను రాతలో పెట్టాలి.

6. సిస్టర్లకు రాత్రి డ్యూటీలో కాపలా, విశ్రాంతి గది కల్పించాలి. ఆన్‌లైన్ నమోదుకు వేరొకరిని ఇవ్వాలి. వారి చేతులు ఖాళీ అయితేనే పై కోర్కెలు నెరవేరుతాయి.

వీటిలో వెంటనే చేయగలిగినవేవో, గడువు కావలసినవేవో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
భోగాపురం మండల రోగులు, కుటుంబీకులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)